రమణకు: లాయరు కోడా, పారాలీగల్ కోడా?

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం

ఒరేయ్ రమణా,

కెనడా ఇమిగ్రేషన్ దరఖాస్తులో నీ ఉద్యోగాలకు ఏ కోడు రాయాలో చూడమని నువ్వు వాట్సాప్‌లో పడేసిన మూడు ఫైళ్లూ చదివాను. ఫోన్లో చెబుదామంటే సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆఁ ఆఁ అంటావు తప్ప ఒక్క ముక్కా రాసుకోవు. అందుకే ఈ ఉత్తరం. కాఫీ పెట్టుకుని కూర్చో, పొడుగ్గానే ఉంటుంది.

ఎన్‌ఓసీ అంటే మనకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చుట్టూ తిప్పించుకుని ఇచ్చే కాగితం. కెనడావాళ్లకు మాత్రం అది దేశంలో ఉన్న వృత్తులన్నిటికీ నంబర్లు వేసిన పట్టిక. నీ ఫారంలో 4112 అని రాశావు. ఏ పాత వీడియో చూసి రాశావో గానీ అది కాలం చెల్లిన లాయరు కోడు. 2022 నవంబర్ 16 నుంచి ఇమిగ్రేషన్‌లో 2021 కూర్పే వాడుతున్నారు, అందులో కోడుకు అయిదంకెలు. లాయర్లకు 41101, లాయర్లకు తోడుగా పనిచేసే పారాలీగల్స్‌కు 42200, లీగల్ ఆఫీసుల్లో టైపింగూ ఫైలింగూ చూసే అసిస్టెంట్లకు 13111. మొదటి అంకె రంగం, రెండోది టీర్, అంటే ఆ పనికి మామూలుగా ఎంత చదువూ శిక్షణా కావాలన్న మెట్టు. 13111 ఒకటితో మొదలైందంటే అది న్యాయం గుంపులోదే కాదన్నమాట, ఆఫీసు పనుల గుంపులోది. నువ్వు వెళ్లాలనుకునే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారికి, అంటే నైపుణ్యమున్న ఉద్యోగులను తీసుకునే పథకానికి, టీర్ 0 నుంచి 3 దాకా ఏదైనా పనికొస్తుంది.

ఇక అసలు తగాదా. నీ మూడు ఉద్యోగాలూ లాయరు కోడు కిందే పెట్టావు. ఎందుకురా అంటే "నేను ఎల్‌ఎల్‌బీ, నాకు సనద్ (లాయరు లైసెన్సు) ఉంది" అంటున్నావు. వాళ్ల ఇమిగ్రేషన్ రూల్స్‌లో 75(2) తీసి చూడు. ఆ కోడు వివరణలో పైన ఉండే పరిచయ వాక్యాల్లో చెప్పిన పని నువ్వు చేశావా, దాని కింద రాసిన ముఖ్య విధుల్లో చెప్పుకోదగ్గన్ని చేశావా, ఇదీ అక్కడ ప్రశ్న. డిగ్రీ ఊసు లేదు, విజిటింగ్ కార్డు మీద హోదా ఊసూ లేదు. ఒకే మనిషి ఒకే సనద్‌తో రెండు కోడ్ల పని చేసి ఉండొచ్చు. నువ్వు చేసిందీ అదే.

నిజానికి ఇందులో నువ్వు బాధపడాల్సింది ఏమీ లేదు. విదేశీ అనుభవానికి ఇచ్చే పాయింట్లలో 41101కి ఎక్కువ, 42200కి తక్కువ అని లేదు. అర్హతకు కనీసం 67 తెచ్చుకోవాల్సిన పాయింట్ల పట్టికలో ఏడాదికి 9, రెండు మూడేళ్లకు 11, నాలుగైదేళ్లకు 13, ఆరేళ్లు నిండితే 15. సీఆర్‌ఎస్‌లో, అంటే అర్హులందరికీ ర్యాంకు ఇచ్చే లెక్కలో, మూడేళ్లు నిండితే అక్కడికి గరిష్ఠం. టీర్ 1 అయినా 2 అయినా అంతే. కొన్ని ప్రావిన్సుల పథకాలు కోడు చూస్తాయి, అది వేరే లెక్క. అంటే లేని చోట లాయరు కోడు తగిలిస్తే నీకు ఒరిగేది సున్నా. దొరికితే మాత్రం వాళ్ల ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద తప్పుడు సమాచారం అని అయిదేళ్లు గేటు మూసేస్తారు. పరువు కోసం ఇంత పందెం కాస్తావా?

ఇప్పుడు ఒక్కో ఉద్యోగం.

2017 ఆగస్టు నుంచి 2020 అక్టోబర్ వరకు సీనియర్ గారి ఆఫీసు. ఇది లాయరు పనే, జూనియర్‌వని సందేహపడకు. ఆ కోడులో ఆర్టిక్లింగ్ విద్యార్థులను, అంటే లైసెన్సుకు ముందు శిక్షణలో ఉండేవాళ్లను కూడా కలిపేశారు. ప్లెయింట్లు డ్రాఫ్ట్ చేశావు, వకాలత్‌లో నీ పేరుంది, మేయో హాల్ కోర్టులో సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేశావు. చిక్కు కోడుతో కాదు, రుజువుతో. సీనియర్ గారు స్టైపెండ్ కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు ఫుల్‌టైమ్ జీతగాడు కాకూడదు కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్, ఫారం 16 ఏవీ ఉండవు. వాళ్ల లెక్కలో నువ్వు స్వయం ఉపాధి. స్వయం ఉపాధికి వాళ్లు అడిగేవి మూడు: ప్రాక్టీసు నీదేనన్న ఆధారం, దాని మీద ఆదాయం వచ్చిన ఆధారం, సేవ తీసుకున్న బయటివాళ్లు ఎంత చెల్లించారో చెబుతూ ఇచ్చే కాగితం. "నేను ఈ ఈ పనులు చేశాను" అని నువ్వే రాసుకుని నోటరీ ముద్ర కొట్టించిన అఫిడవిట్ చెల్లదు. మన దగ్గర నోటరీ ముద్ర పడితే దేవుడి ప్రసాదం అనుకుంటాం గానీ అక్కడ దానికి ఆ విలువ లేదు.

కర్ణాటక బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ నీకు వాదించే హక్కుందని చెబుతుంది, వాదించావని చెప్పదు. దానికి ఈ-కోర్ట్స్ సైటు బంగారం. అడ్వకేటు పేరుతో వెతికితే నువ్వు హాజరైన కేసుల చిట్టా వస్తుంది. ఏడాదికి అయిదారు కేసుల చొప్పున ప్రింట్లు, నీ హాజరు నమోదైన ఆర్డర్ కాపీలు తీసుకో. కొన్ని ఆర్డర్లు కన్నడలో ఉంటాయి, వాటికి సర్టిఫైడ్ అనువాదం కావాలి. కన్నడ బాగా వచ్చు కదా అని నువ్వు చేయకూడదు, మీ ఆవిడా చేయకూడదు. డబ్బు వైపు చూస్తే, ఏ క్లయింటు కంపెనీ అయినా ఆదాయపు పన్ను సెక్షన్ 194జే కింద టీడీఎస్ కోసి ఉంటే అది 26ఏఎస్ అనే పన్ను స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది. ఆ ఏళ్ల ఐటీ రిటర్నులు, 44ఏడీఏ అనే అంచనా ఆదాయం పద్ధతిలో వేసినవైనా సరే, అవీ జత చెయ్యి. జీతం లేకుండా ఊరికే ఆఫీసుకెళ్లిన మొదటి నెలలుంటే అవి లెక్కలోంచి తీసేయ్, డబ్బు ముట్టని పని అనుభవం కిందికి రాదు. గంటల సంగతీ చూసుకో. వారానికి 30 గంటలు, ఏడాదికి 1,560. అరవై గంటలు చచ్చేట్టు పనిచేసినా ముప్పై కిందే కడతారు.

2020 నవంబర్ నుంచి 2022 జూన్ దాకా ఎల్‌పీఓ, అంటే విదేశీ ఫర్మ్‌ల లీగల్ పని ఇక్కడ చేసిపెట్టే కంపెనీ. అక్కడ నీ హోదా లీగల్ అనలిస్ట్, పని పంపేది అమెరికా లా ఫర్మ్. ఆ ఫర్మ్ పంపిన వేల మెయిళ్లు చదివి సంబంధం ఉందా లేదా, ప్రివిలేజ్ (లాయరు-క్లయింటు గోప్యత) ఉందా లేదా అని ట్యాగ్ చేశావు, లీజుల సారాంశాలు తీశావు, కేస్ లా వెతికి మెమో రాసిచ్చావు. క్లయింటుకు సలహా ఎవరిచ్చారు? అక్కడి అటార్నీ. లాయరుకు తోడుగా డాక్యుమెంట్లు తయారుచేయడం, పరిశోధన చేయడం, ఇది అచ్చంగా 42200 పరిచయ వాక్యమే. నిర్మొహమాటంగా ఆ కోడే రాయి. ఒక్క జాగ్రత్త. లెటర్లో ట్యాగింగ్ ఒక్కటే రాయిస్తే అది డేటా ఎంట్రీలా కనబడి పారాలీగల్‌కు కూడా ఆనదు. మెమోలు, సారాంశాలు, డ్రాఫ్ట్ చేసిన ఉత్తరాలు తప్పకుండా ఉండాలి. ఇంకోటి, ఆ ఇరవై నెలలూ సనద్ సస్పెండ్ చేయించావో లేదో చూసుకో. ఈ-కోర్ట్స్‌లో అప్పుడు కూడా నీ పేరు మీద హాజర్లు కనబడితే ఫుల్‌టైమ్ ఉద్యోగమంటున్న మాటకూ వాటికీ పొంతన కుదరదు.

2022 జూలై నుంచి ఇప్పటి కంపెనీ, లీగల్ మేనేజర్. మేనేజర్ అన్న మాట చూసి టీర్ 0 కోడ్లలో వెతకడం మొదలుపెట్టావని తెలుస్తూనే ఉంది, మానెయ్. కోర్టుకు వెళ్లడం లేదు కదా, లాయరు కోడు కుదురుతుందా అన్నది మంచి ప్రశ్న. కుదురుతుంది. ఆ కోడు వివరణలోనే లాయర్లు వ్యాపార సంస్థల్లోనూ పనిచేస్తారని ఉంది. వాదించడం విధుల్లో ఒకటి మాత్రమే. సలహా ఇవ్వడం, పత్రాలు రాయడం, లిఖిత అభిప్రాయాలు, రాజీ బేరాలు మిగతావి. అవన్నీ నువ్వు చేస్తున్నావు.

కానీ మీ హెచ్‌ఆర్ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో ఉన్నదేమిటి? "కంపెనీ లీగల్ వ్యవహారాలన్నీ చూసుకుంటారు." ఒక్క వాక్యం! దీన్ని బట్టి నువ్వు లాయరువో, కోర్టుకు ఫైళ్లు మోసే మనిషివో ఆఫీసర్‌కు ఎలా తెలుస్తుంది? ఇలా మార్పించు: "సప్లయర్లతో, బిల్డింగ్ యజమానులతో చేసుకునే ఒప్పందాలు స్వయంగా రాసి, అవతలి లాయర్లతో బాధ్యత పరిమితి, రద్దు షరతుల మీద చర్చలు జరుపుతారు. ఉద్యోగుల తొలగింపు, డేటా రక్షణ ప్రశ్నల మీద యాజమాన్యానికి లిఖితంగా న్యాయాభిప్రాయం ఇస్తారు. వివాదాల్లో సాక్ష్యాధారాలు సేకరించి, బయటి అడ్వకేట్లకు కేసు సూచనలిచ్చి, రాజీ షరతులు ఖరారు చేస్తారు." చూశావా, కోడు పుస్తకంలోని మాట ఒక్కటీ యథాతథంగా లేదు, కానీ విధులు నాలుగైదు దిగిపోయాయి. పుస్తకంలోది కాపీ కొట్టి దించితే ఆఫీసర్‌కు అనుమానం రాక మానదు. వాళ్లు అలాంటి లెటర్లు రోజూ చూస్తారు.

లెటర్లో ఇంకా ఉండాల్సినవి: కంపెనీ లెటర్‌హెడ్, చిరునామా, ఫోను, మెయిలు, నీ పూర్తి పేరు, హోదాలు, చేరిన తేదీ, ఇంకా పనిచేస్తున్నావన్న మాట, వారానికి గంటలు, ఏడాది జీతం, ఇతర బెనిఫిట్లు, సంతకం పెట్టిన సూపర్‌వైజర్ లేదా హెచ్‌ఆర్ పేరు, హోదా. గంటలు మర్చిపోవడం సర్వసాధారణం, నీ డ్రాఫ్ట్‌లోనూ లేవు. ఎల్‌పీఓ వాళ్లు విధులు రాయం, తేదీలే ఇస్తాం అంటే గొడవపడకు. ఆ లెటర్ తీసుకుని, దానికి అప్పటి టీమ్ లీడ్ సంతకంతో విధుల లెటర్, ఆఫర్ లెటర్, అప్రైజల్స్, ఫారం 16, ఇలా ఎందుకు చేయాల్సి వచ్చిందో ఒక పేజీ వివరణ కలుపు.

ఇక నా సలహా. ఇప్పటి కంపెనీలోనే మూడేళ్లు దాటాయి కాబట్టి సీఆర్‌ఎస్‌లో అనుభవం లెక్క అక్కడే నిండిపోయింది. ఒకే కోడులో ఆగకుండా ఏడాది ఉండాలన్న కనీస షరతూ దాంతోనే తీరింది. దానికి ఎల్‌పీఓ కలిపితే అయిదేళ్లు, 13 పాయింట్లు. సీనియర్ గారి దగ్గర గడిపిన మూడేళ్లూ కలిపితే దక్కేది ఇంకో రెండు. ఆ రెండు లేకుండానే నీకు 67 దాటుతుంటే ఆ ఏళ్లను పాయింట్ల కోసం చూపించకు. నగదు కవర్లకు రుజువు వెతుక్కునే తలనొప్పి తప్పుతుంది. కానీ పర్సనల్ హిస్టరీలో మాత్రం తప్పక రాయాలి, అక్కడ ఒక్క నెల ఖాళీ వదిలినా ప్రశ్న వస్తుంది. ఇంకో సంగతి, పదేళ్ల కిందటిది లెక్కకు రాదు. 2017 నెలలు ఎలాగూ ఒక్కొక్కటీ జారిపోతుంటాయి.

అక్కడికెళ్లాక నల్లకోటు వేయడం మరో దారి. డబ్ల్యూఈఎస్ అనే సంస్థ ఇచ్చే ఈసీఏ, అంటే నీ డిగ్రీ అక్కడ దేనికి సమానమో చెప్పే నివేదిక, ఇమిగ్రేషన్ పాయింట్లకే. లైసెన్సుకు ఎన్‌సీఏ, అంటే విదేశీ లా డిగ్రీలను తూచే కమిటీ, నీ ఎల్‌ఎల్‌బీని వేరేగా చూసి, కెనడా రాజ్యాంగ చట్టం, క్రిమినల్ లా, అడ్మినిస్ట్రేటివ్ లా లాంటి పరీక్షలు రాయమంటుంది. ఆ తర్వాత ప్రావిన్స్ లా సొసైటీ. మీ బావమరిది అడిగిన ఆస్ట్రేలియా అయితే పూర్తిగా తలకిందులు. అక్కడ సొలిసిటర్ కోడు 271311 కావాలంటే ముందు అక్కడి రాష్ట్రంలో లాయరుగా అడ్మిట్ అయి ఉండాలి.

దరఖాస్తు చేసుకోమని కెనడా నుంచి ఇన్విటేషన్ వచ్చాక నీకుండేది 60 రోజులే. మన హెచ్‌ఆర్‌లకు అందులో సగం "సార్ లీవులో ఉన్నారు"తోనే పోతుంది. కాబట్టి లెటర్లు ఇప్పుడే మొదలుపెట్టు. రేపే మీ హెచ్‌ఆర్‌కు పైన రాసిన మూడు వాక్యాలూ, గంటల లైనూ మెయిల్ చెయ్యి. ఎల్‌పీఓ టీమ్ లీడ్ ఇప్పుడు ఏ కంపెనీలో ఉన్నాడో కనుక్కో. నీ 67 లెక్క కాగితం మీద వేసి ఫోటో పంపు, బుధవారం రాత్రి కూర్చుని చూస్తాను.

నీ
మూర్తి