పల్నాడుకు సముద్రం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

సాగర్ నీటి వార్తలు వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో "కోస్తాకు నీళ్లు" అని ఒక్క ముక్కలో రాస్తున్నారు. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు నీళ్లున్నాయి. కుడి కాల్వ డ్యాం నుంచి నేరుగా 203 కిలోమీటర్లు పోతూ పల్నాడు మెట్టను తడుపుతుంది. మన ఎడమ కాల్వే నల్లగొండ, ఖమ్మం దాటి చివర్లో పాత కృష్ణా జిల్లా మెట్టకు చేరుతుంది. కృష్ణా డెల్టాకు ఈ రెండు కాల్వలతో పనే లేదు. వాళ్ల నీళ్లు నదిలోనే దిగి పులిచింతలలో ఆగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర కాల్వల్లోకి మళ్లుతాయి. మూడింటినీ కలిపి ఒక్క అంకె వేస్తే మిర్యాలగూడ రైతుకు ఏం అర్థమవుతుంది? తన కాల్వ నీళ్లే పోతున్నాయనుకుంటాడు.

అసలు మనకు ఆనుకుని ఉన్నవాళ్లకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నల్లగొండ, సూర్యాపేటల అవతలి గట్టున ఉన్నవి పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాలు. రెంటికీ తీరం లేదు, కొత్త గుంటూరు జిల్లాకూ లేదు. ఉప్పు గాలి తగలాలంటే బాపట్లకో, బందరుకో పోవాలి.

వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట నిలబడితే అవతల కనిపించేది పొందుగుల. వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది గాని రాయి మారదు. దామరచర్ల, మేళ్లచెరువు కింద ఉన్న సున్నపురాయే దాచేపల్లి, పిడుగురాళ్ల కిందా ఉంది. అందుకే రెండు గట్ల మీదా సిమెంటు ఫ్యాక్టరీలు. డెల్టాకు బెజవాడ ఆనకట్ట 1855లోనే వచ్చింది. పల్నాడుకూ మనకూ సాగర్ నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంటే 112 ఏళ్ల తేడా. అన్నేళ్లు వానకోసం ఆకాశం కేసి చూసిన పల్నాడును, అన్నేళ్లు కాల్వ కింద వరి పండించిన డెల్టాతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

నిజమైన తీరంతో మన బంధం వేరు. బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులే లాగేసుకునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ ముట్టబోమని ఆయన రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. తర్వాత గోల్కొండకు రేవు మచిలీపట్నమే అయింది. నేటి 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగా చేరేదీ అక్కడికే. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఆ పట్నం, చుట్టుపక్కల కలిపి 30,000 మంది దాకా పోయారు.

కాబట్టి నీటి వార్త వేసేటప్పుడు కుడి కాల్వకు ఎన్ని క్యూసెక్కులు, ఎడమ కాల్వకు ఎన్ని, నదిలోకి ఎన్ని అని విడివిడిగా రాయండి. నదిలోకి వదిలింది విద్యుత్ కేంద్రం గుండానా, గేట్లెత్తా అన్నదీ చెప్పండి. తుఫాను హెచ్చరికల్లో "కోస్తా" బదులు జిల్లా పేరు, వీలైతే మండలం పేరు వేయండి. బందరులో, నిజాంపట్నంలో చుట్టాలున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఇట్లు,
కొందరు చరిత్ర ఉపాధ్యాయులు, మిర్యాలగూడ