కూపే ఇస్తారో లేదో ముందే చెప్పండి

సంపాదకుల వారికి,

రైల్లో ఎదిగిన కుక్కను తీసుకెళ్లాలంటే రెండే దారులు. ఫస్ట్ ఏసీలో తలుపు వేసుకునే ఇద్దరి గది, అంటే కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మన పేరునే ఉండాలి. లేదంటే గార్డు ఉండే బోగీ (గార్డు పెట్టె)లోని డాగ్ బాక్సే గతి. టూ టైర్, త్రీ టైర్, స్లీపర్‌లలోకి రానివ్వరు. మావారికి విశాఖ నుంచి హైదరాబాద్‌కు బదిలీ అయి, మొన్న మే నెలలో మా బంటిగాడితో బయల్దేరినప్పుడు ఈ సంగతులన్నీ తెలిసొచ్చాయి.

ఖర్చయితే అయిందని ఫస్ట్ ఏసీకే రెండు టికెట్లు తీసుకున్నాం. టికెట్ కన్‌ఫర్మ్ అయినంత మాత్రాన కూపే వచ్చినట్టు కాదట. అర్జీ పెట్టుకుని చార్టు తయారయ్యేదాకా ఆగాలి. ఇల్లు ఖాళీ చేసి, సామాను లారీకెత్తించి, కుక్కను పక్కన పెట్టుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. తీరా వచ్చినవి నలుగురి క్యాబిన్‌లో రెండు బెర్తులు. అప్పటికప్పుడు పార్సిల్ ఆఫీసుకు పరుగెత్తి, పశువుల డాక్టరు గారిచ్చిన సర్టిఫికెట్, టీకాల కార్డు చూపించి డాగ్ బాక్స్ బుక్ చేశాం.

అదొక రేకు గూడు. బంటి మామూలు ఊరకుక్కే, అయినా వాడు అందులో అటు నుంచి ఇటు తిరగలేడు. పగలంతా కాలిన రేకు చీకటిపడ్డా చల్లారలేదు. గోనెసంచి పరిచి, నీళ్ల గిన్నెను చువ్వకు తీగతో కట్టాం. రైలు కదిలిన కుదుపుకే సగం ఒలికింది. గార్డును ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పెట్టె మాత్రం మారలేదు.

వేసవిలో కుక్కలకు కనీసం నాలుగు గంటలకోసారి నీళ్లు పట్టాలని 1978 నాటి జంతు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. రైల్లో ఆ పని యజమానిదే. మా బోగీ ఒక కొసన, గార్డు పెట్టె ఇంకో కొసన. సామర్లకోటలో ఆగే ఆ కాసేపట్లో అంతదూరం వెళ్లి మళ్లీ ఎక్కగలమా? విజయవాడలో కాస్త ఎక్కువసేపు ఆగింది కాబట్టి సరిపోయింది. గార్డు గారే టార్చి పట్టుకున్నారు, ఆయనకు దండం పెట్టాలి. నాలుక బారెడు బయటపెట్టి రొప్పుతున్న వాడు నీళ్లు చూడగానే గిన్నెలోకి మూతి పెట్టేశాడు. నిద్రమాత్ర వేసేయమని సలహా ఇచ్చినవాళ్లు లేకపోలేదు. మా డాక్టరు గారు ససేమిరా వద్దన్నారు. కుక్క ఒళ్లు చల్లబడేదే రొప్పడం వల్ల, మత్తులో ఉంటే అది సరిగా సాగదు.

రైల్వే వారిని కోరేది ఒకటే. కూపే అర్జీని టికెట్ కొనేటప్పుడే తీసుకుని, ఇస్తారో లేదో కనీసం రెండు రోజుల ముందు చెప్పండి. కాదంటే కారు మాట్లాడుకుంటాం. డాగ్ బాక్స్ తప్పనివాళ్లకు గార్డు పెట్టె పక్క బోగీలో బెర్తు ఇప్పించండి, ఆగిన చోటల్లా దిగి నీళ్లయినా పడతారు.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్