అమ్మని ఏప్రిల్‌లో పంపించు, మావా

సాల్ట్ లేక్ సిటీ,
జనవరి 22

ఒరే మావా,

మొన్న ఫోన్లో నువ్వు కోప్పడ్డప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మంచు చూడాలని అమ్మ రెండేళ్ల నుంచి అడుగుతోంది, డిసెంబరు సెలవుల్లో కాకపోతే ఇంకెప్పుడు తీసుకెళ్తావురా" అన్నావు. అమ్మ నీ దగ్గర అంత బాధపడిందని నాకు తెలియదు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ కొండలు కనబడి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. మా వీధిలోంచి చూస్తే తూర్పున వాసాచ్ కొండలు గోడ కట్టినట్టు ఉంటాయి. కొన్ని శిఖరాలు 11,000 అడుగులు దాటతాయి. పడమట ఓకర్ కొండలు, దక్షిణాన ఇంకో చిన్న వరస, వాయవ్యాన ఉప్పు సరస్సు. ఇప్పుడు ఎదురింటి చెట్టు అవతల ఏమీ లేదు. మబ్బు కాదు, మంచూ కాదు, మాసిన పంచె రంగులో గాలి. నాలుక మీద ఇనుము రుచి తగులుతుంది.

నీకు వంజంగి కొండ గుర్తుందా? పాడేరులో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని ఎక్కాం. పైకి చేరేసరికి లోయంతా పాలు పోసినట్టు మేఘాలు. "ఇవి కదలవేంట్రా, ఎవరో మూత పెట్టినట్టు" అన్నావు. నువ్వు ఊరికే అన్నమాట నిజమేనని ఇక్కడికి వచ్చాక తెలిసింది. చలికాలం రాత్రి నేల వేడంతా వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, లోయ అడుగున కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి గాలి. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చలి పెరగాలి, ఇది తిరగబడుతుంది. అందుకే ఇన్వర్షన్ అంటారు. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా ఆ మాట తెలుసు.

వంజంగిలో పొద్దెక్కగానే ఎండకి ఆ మూత తెరుచుకుంటుంది. ఇక్కడ జనవరి ఎండకి ఆ బలం లేదు. నేల మీద మంచు ఉంటే ఆ కాస్త ఎండనీ తిప్పికొట్టేస్తుంది. పడమటి నుంచి గాలివాన వచ్చేదాకా మూత అలాగే ఉంటుంది, మూడు రోజులు కావచ్చు, పది రోజులు కావచ్చు. కింద 12 లక్షల మంది కార్లు నడుపుతాం, హీటర్లు వేస్తాం. వదిలిందంతా ఆ మూత కిందే.

నన్ను బాగా కదిలించింది ఇంకో సంగతి. ఈ విషపు ధూళిలో ఎక్కువ భాగం పొగగొట్టాల్లోంచి నేరుగా వచ్చేది కాదు. కార్ల పొగలోని నైట్రోజన్ వాయువులు, పశువుల కొట్టాల నుంచీ మిగతా చోట్ల నుంచీ వచ్చే అమోనియా ఆ చల్లటి గాలిలో కలిసి అమ్మోనియం నైట్రేట్‌గా మారతాయి. గాలే దాన్ని తయారు చేస్తుంది. అందులో దాదాపు సగం పాపం మా వాహనాలదే. అది చదివినప్పటి నుంచి ఇలాంటి రోజుల్లో ఆఫీసుకి ట్రాక్స్ రైల్లోనే వెళ్తున్నాను. 2022 ఫిబ్రవరిలో నెలంతా బస్సులూ రైళ్లూ ఉచితం చేశారు. ప్రతి ఇన్వర్షన్‌కీ అలా చెయ్యాలని నా కోరిక.

ఢిల్లీతో పోలిస్తే ఇదెంత అంటావని తెలుసు. నిజమే, అక్కడి అంకెలు ఇక్కడ రావు. ఈ వారం మా దగ్గర పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి ధూళి, ఘనపు మీటరు గాలికి యాభై, అరవై మైక్రోగ్రాముల మధ్య తిరుగుతోంది. కానీ ఈ దేశం ఒక రోజుకి పెట్టుకున్న హద్దు 35, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. నాలాంటివాళ్లకి పైకి తెలిసేది ఒక తలనొప్పి, గొంతులో గరగర. ఊపిరితిత్తులు చిన్నవైతేనో, ముందే దెబ్బతిన్నవైతేనో లెక్క వేరు.

ఇది నేను మా చిన్నపాపని చూసి నేర్చుకున్నాను. నీకు అప్పుడు చెప్పలేదు, అమ్మకి తెలిస్తే భయపడుతుందని. కిందటి చలికాలం, ఇన్వర్షన్ ఆరో రోజు రాత్రి, దానికి పిల్లికూతలు మొదలయ్యాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. ఎమర్జెన్సీకి పరుగెత్తాం. నెబ్యులైజర్ పెట్టారు. తెల్లారేదాకా మీ చెల్లెలు దాన్ని నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకునే ఉంది. పక్క మంచాల్లో ఇంకో ఇద్దరు పిల్లలు, అదే కూత. ఆ గదిలో నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆయాసం వచ్చినప్పుడు అరుగు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చునే అమ్మ.

ఇక్కడికి దక్షిణంగా ప్రొవో అనే ఊరుంది, అదీ లోయే. అక్కడి సరస్సు ఒడ్డున పెద్ద ఉక్కు కర్మాగారం ఉండేది. 1986లో కార్మికుల గొడవతో ఆగిపోయి 13 నెలలు మూతబడింది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఆ చలికాలాన్ని ముందూ వెనకా చలికాలాలతో పోల్చి 1989లో ప్రచురించారు. కర్మాగారం నడిచిన చలికాలాల్లో ఆస్తమా, బ్రాంకైటిస్‌తో ఆసుపత్రిలో చేరిన పిల్లలు రెండు మూడు రెట్లు ఎక్కువ. మనిషి ఊపిరికీ, గాలిలో ఆ ధూళికీ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. 2013 జనవరిలో ఇక్కడి డాక్టర్లు వందమందికి పైగా ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించమని గవర్నర్‌ని అడిగారట. వాళ్ల మాట విన్నవాళ్లు ఇంకాస్త ఎక్కువ మంది ఉండాల్సింది.

మా రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్తాను. లేవగానే చూసేది గాలిలో ధూళి ఎంతుందో చూపించే పర్పుల్‌ఎయిర్ మ్యాప్. ఆ సెన్సర్లు ఈ లోయలోనే, డ్రేపర్‌లో పుట్టాయి. అంకె 55 దాటితే బళ్లో పిల్లలెవరినీ ఆటలకి బయటికి వదలరు. మా దానికి 35కే ఆపేస్తారు. మామూలు బాక్స్ ఫ్యానుకి హీటర్‌లో వేసే మందపాటి ఫిల్టరు టేపుతో అతికించి పడకగదిలో పెట్టాను. వారానికే ఆ తెల్ల ఫిల్టరు బూడిద రంగుకి తిరిగింది. ఎండుమిరపకాయలతో పోపు పెడితే ఇంట్లో మీటరు ఒక్కసారి మూడంకెలకి ఎగిరిపోతుంది, కిటికీ తెరిచే వీల్లేదు. అందుకని ఈ రోజుల్లో వేపుళ్లు మానేశాం. ఇడ్లీ, ముద్దపప్పు, చారు. చారుకి పోపు లేకపోతే అది చారేనా అని మీ చెల్లెలి బాధ.

భోగి రోజు కూడా ఇన్వర్షనే. కట్టెలు కాల్చడం నిషేధమని ముందురోజే ప్రకటించారు. భోగి మంట లేకుండా హాల్లో దీపం పెట్టి, చిన్నదాని నెత్తి మీద రేగుపళ్లకి బదులు దొరికిన చిన్న పళ్లు, పూలరేకులు పోశాం. అమ్మ వీడియో కాల్లో చూసి "వాకిట్లో మంట ఏదిరా" అంది. చలి అని చెప్పాను. నిజం చెప్పాల్సింది.

మొన్న ఆదివారం ఉండబట్టలేక చిన్నదానికి మాస్కు పెట్టి ఊరి పక్కన ఎన్‌సైన్ పీక్ అనే గుట్ట ఎక్కించాను, అరగంట నడక. సగంలోనే మురికి పల్చబడింది. పైకి చేరేసరికి నీలాకాశం, ఎండ. కిందకంటే వెచ్చగా ఉంటే కోటు విప్పేసింది. అచ్చం వంజంగే, కాకపోతే ఇక్కడ పాలు కావు, గోధుమరంగు బురద. "మన ఇల్లేది నాన్నా" అని అడిగింది. ఆ బురదలోకి వేలు చూపించాను. మాస్కు పెట్టుకుని మళ్లీ అందులోకే దిగాం.

అందుకే మావా, డిసెంబరూ జనవరీ వద్దన్నాను. ఫిబ్రవరి సగం దాకా నమ్మకం లేదు. జులై, ఆగస్టుల్లో ఎండకి ఓజోను, కార్చిచ్చుల పొగ. ఉప్పు సరస్సు 2022లో ఎన్నడూ లేనంత అడుగంటింది. బయటపడ్డ నేలలో ఆర్సెనిక్ ఉంది, గాలి వీస్తే ఆ దుమ్ము ఊరి మీదికి లేస్తుందని ఇంకో దిగులు. ఇవన్నీ లెక్క వేసుకుంటే అమ్మకి మంచిది ఏప్రిల్ నుంచి జూన్ నెలాఖరు. ఏప్రిల్, మే నెలల్లో వానలు పడి గాలి కడిగినట్టు ఉంటుంది. మంచు కూడా ఉంటుంది, కారులో కొండ మీదికి వెళ్తే ఏప్రిల్‌లోనూ మోకాలి లోతు. చేత్తో పట్టుకుని చూస్తుంది. సౌత్ జోర్డన్‌లో వినాయకుడి గుడికి తీసుకెళ్తాను.

నువ్వు చెప్తేనే నమ్ముతుంది, నేనంటే సాకులనుకుంటుంది. చిన్నదాని సంగతి కూడా నువ్వే మెల్లగా చెప్పు. బయల్దేరే ముందు మన ఊళ్లో డాక్టరుకి చూపించి, ఆయాసానికి పీల్చే పఫ్‌లు నాలుగు నెలలకి సరిపడా రాయించు. మీ మేడ మీద ఆరేసిన బట్టల మీద ఆ నల్ల దుమ్ము ఇంకా పడుతోందా? రాత్రిపూట ఆవిడ గది కిటికీ మూసే ఉంచమను.

ఏప్రిల్ అనగానే ఆవకాయ ఎవరు పెడతారని మొదలుపెడుతుంది, చూడు. మీ జాడీతో పాటు మా జాడీ కూడా మీ ఇంట్లోనే పెట్టిస్తానని మాటివ్వు. ఆవపిండి ఎంత వెయ్యాలో పక్కన కూర్చుని ఆవిడే చెప్తుంది. అది అయిన మర్నాటికి టికెట్ తీస్తాను.

నీ
మావ