తీర్పు సరే, అమలు చేసేదెవరు?

సంపాదకుడి గారికి,

పది రోజుల కిందట అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పును మెచ్చుకుంటూ మీరు రాసిన సంపాదకీయాన్ని నిన్న తీరిగ్గా చదివాను. 'చరిత్రాత్మకం' అన్న మాట నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. తీర్పును అమలు చేసేదెవరన్న ముక్క ఒక్కసారీ రాలేదు.

మీకు తెలియదనుకోను. 1986లో ఇదే కోర్టు, మధ్య అమెరికాలోని చిన్న దేశం నికరాగువా వేసిన కేసులో అమెరికాది తప్పని తేల్చి, నష్టం పూడ్చాలంది. తీర్పు పాటించకపోతే ఐరాస చార్టర్ 94వ అధికరణం కింద భద్రతా మండలికి వెళ్లొచ్చు కదా, పాపం నికరాగువా వెళ్లింది, అక్కడ అమెరికా వీటో కొట్టింది. ఓడినవాడి దగ్గరే తాళంచెవి! 1991లో నికరాగువాయే కేసు వదులుకుంది, పరిహారం కింద చిల్లిగవ్వ రాలేదు. అన్ని తీర్పులూ బుట్టదాఖలే అననులెండి. 2002 తీర్పు ప్రకారం నైజీరియా బకాసీ ద్వీపకల్పాన్ని పొరుగుదేశం కామెరూన్‌కు ఇచ్చేసింది, కాకపోతే పూర్తిగా ఇవ్వడానికి ఆరేళ్లు పట్టింది.

ఈ న్యాయస్థానం ఉన్న హేగ్‌లోనే ఇంకో కోర్టు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, 2009లో అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద అరెస్టు వారెంట్ ఇచ్చింది. ఆయన 2015లో దక్షిణాఫ్రికా వెళ్లి, దర్జాగా సమావేశంలో కూర్చుని, దేశం దాటనివ్వొద్దని అక్కడి కోర్టు చెప్పినా విమానమెక్కి ఇంటికెళ్లాడు. ఆ క్రిమినల్ కోర్టులో దక్షిణాఫ్రికా సభ్యదేశం, వారెంట్ ఉన్నవాణ్ని పట్టి అప్పగించాల్సిన దేశం మరి!

ఇక బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు చెప్పే బాసెల్ కమిటీ సంగతి చూడండి. మా నిర్ణయాలకు చట్టబలం లేదని వాళ్లే తమ చార్టర్లో రాసుకున్నారు. అలాంటివాళ్లు బ్యాంకులు రిస్కును బట్టి లెక్కేసిన ఆస్తుల్లో 8 శాతం మూలధనం ఉంచుకోవాలని 1988లో అంటే, వందకు పైగా దేశాలు కిమ్మనకుండా రూలు చేసుకున్నాయి. పాటించకపోతే బయటి బ్యాంకులు దూరం పెడతాయన్న భయం. ఎవరూ ఓటేయని ఆ కమిటీ మీద నాకు ప్రేమేమీ లేదు, కానీ మాట చెల్లుబాటయ్యేది వాళ్లదే.

ఐరాసలో కూర్చున్న మన పెద్దలేమో ఎక్కడ ఏం జరిగినా 'తీవ్ర ఆందోళన' వ్యక్తం చేసి భోజనానికి లేస్తారు. క్యూబాపై అమెరికా ఆంక్షలు ఎత్తేయమని ఐరాస జనరల్ అసెంబ్లీ 1992 నుంచి తీర్మానాలు చేస్తూనే ఉంది, ఆంక్షలు ఉంటూనే ఉన్నాయి. మీ విలేకరులు తీర్పు రోజున మొదటి పేజీ నింపి, ఏడాది తర్వాత ఏమైందో చూడనే చూడరు. ఒకప్పుడు పత్రికలు ఇంత బద్ధకంగా ఉండేవి కావు.

ఈసారి తీర్పు వచ్చినప్పుడు, అమలు ఎవరి చేతిలో ఉందో ఒక్క వాక్యం రాయండి. చోటు లేదంటారా, ఆ నాలుగు 'చరిత్రాత్మకం'లలో మూడు తీసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ పాత చందాదారు