పాత రిపోర్టులు పారేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

అంబాజీపేటలో పాతికేళ్ల నుంచి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని బాధలు) వాళ్ల నీరసానికి, దిగులుకి రక్తంలో గుర్తులు దొరికాయని మీ పేపర్లో వచ్చిన దగ్గర్నుంచి, "ఆ టెస్టేదో చెయ్యండి" అంటూ జనం వస్తున్నారు. చేస్తే నాకు డబ్బులే. కానీ జబ్బును తేల్చి చెప్పే ఒక్క టెస్టంటూ లేదు.

మా అక్క మొగుడు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవారు. పొద్దుట ఎక్కితే నలభై చెట్లు దింపి గానీ చద్దన్నానికి కూర్చునేవారు కాదు. 2021 మేలో కోవిడ్ వచ్చి తగ్గింది. ఆ తర్వాత పది చెట్లు ఎక్కితే రెండ్రోజులు మంచం దిగేవారు కాదు. ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. రక్తం నేనే తీశాను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, ఒంట్లో వాపును చూపే సీఆర్పీ, నీలం మూత ట్యూబులో రక్తం గడ్డలు కరిగేప్పుడు పెరిగే డి-డైమర్. అన్నీ హద్దులోనే ఉన్నాయి. "రోగం లేదు, ఒళ్లు బరువెక్కింది" అన్నారు ఇంట్లో. నార్మల్ అని రాసిచ్చిన చెయ్యి నాదే కాబట్టి నేనూ నోరెత్తలేదు.

2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, బ్రిటన్‌లో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 1,837 మంది వివరాలు చూశారు. చేరిన రోజుల్లో సీఆర్పీతో పోలిస్తే ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్) గానీ డి-డైమర్ గానీ ఎక్కువున్న వాళ్లకి ఆర్నెల్లకీ, ఏడాదికీ మతిమరుపు, బుర్ర మొద్దుబారడం ఎక్కువ కనబడ్డాయి. డి-డైమర్ పెరిగిన వాళ్లలో నీరసం, ఆయాసం కూడా. చూడండి, వాళ్లు చూసింది జ్వరం రోజుల రక్తం! ఇవాళ నేను తీసే రక్తంలో ఆ జాడ ఉండాలని లేదు. అదే ఏడాది అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు లాంగ్ కోవిడ్ రోగుల రక్తంలో సెరటోనిన్ (మనసు కుదురుకీ, మెదడు పనికీ సాయపడే రసాయనం) తగ్గిందన్నారు. పేగుల్లో మిగిలిపోయిన వైరస్ ముక్కల వల్ల, సెరటోనిన్ తయారీకి కావలసిన, తిండిలో దొరికే ట్రిప్టోఫాన్ ఒంటికి పట్టడం తగ్గుతుందని వాళ్ల వివరణ. ఇవన్నీ చాలామందిని కలిపి లెక్కేస్తే తేలిన తేడాలు. ఒక్క మనిషి చీటీ పట్టుకుని నీకుంది, నీకు లేదు అనడానికి పనికిరావు. ఆ ముక్క మీరు హెడ్డింగులోనే వేస్తే, కూలివాళ్లకి రెండ్రోజుల కూలి మిగిలేది.

నీరసంగా ఉన్నవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం లాంటివైతే మందుంది. 2021 నాటి కాగితాలు బీరువాలో ఉంటే అవీ పట్టుకెళ్లండి, అప్పుడు జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది. మా బావ కాగితాలు మా అక్క భోగి మంటలో వేసేసింది.

ఆయన ఇప్పుడు చెట్టెక్కడం లేదు. కొబ్బరి కొట్లో కూర్చుని కాయల లెక్క రాస్తున్నారు. వంద దాటితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటారు.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, అంబాజీపేట, కోనసీమ