దసరా నాటి మాట గురించి, చిన్నోనికి

చిన్నోడా,

మంచిగున్నవా. ఫోన్ల మాట్లాడుదమంటె నువ్వు "ఆఁ బాపూ, ఆఁ బాపూ" అంటవ్, నేను "తిన్నవా" అంట, ఇద్దరం పెట్టేస్తం, గందుకే టైప్ చేస్తున్న. మీ అక్క ఫోన్ల తెలుగు పెట్టిచ్చింది, తప్పులుంటె నువ్వే సదురుకో.

దసరా రోజు జమ్మి పెట్టొచ్చినంక అందరం తిని కూసున్నప్పుడు మీ పెదబాపు ముంగటనే అడిగిన గద, "11 ఏండ్ల సంది ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అని ఊర్లు పట్టుకోని తిరుగుతున్నవ్, లెక్క జెప్పు, ఎన్ని మ్యాచ్‌లు ఆడినవ్" అని. నువ్వు ఆలోచించనన్న ఆలోచించకుంట "43" అన్నవ్. ఎవ్వలో నవ్విన్రు. నువ్వు లేచి చెయ్యి కడుక్కోనీకె పోయినవ్, చెయ్యి అప్పటికే కడుక్కున్నవ్, నేను చూసిన. ఇప్పుడు షిల్లాంగ్ టీమోళ్ళు ఏడాది కాంట్రాక్ట్ ఇస్తమంటె వద్దనుకుంటున్నవట, హన్మకొండల ఏదన్న ప్రైవేట్ స్కూల్ల గేమ్స్ సార్‌గ చేరుతవట, మీ అమ్మ జెప్పింది. అది మంచి పనే, కాదన. కని నా మాటకు చేస్తున్నవంటె మాత్రం వద్దు.

నా కోపం ఎక్కడిదో నీకు తెల్సు. రైల్వేల స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ పడ్డప్పుడు నీకు 22, కలకత్తల ఉండి రాను అన్నవ్. 25 దాటితె ఆ కోటాల మళ్ళ పిలువరు, అది తెల్సు గనుకనే నాలుగు నెలలు నీతోని మాట్లాడలే. ఇప్పుడు 31. సరే, అది అయిపోయిన ముచ్చట, మళ్ళ తవ్వ.

కని ఒకటి యాదికొచ్చింది. నేను కాజీపేటల గూడ్స్ బండి డ్రైవర్‌గ ఉన్నప్పుడు లింక్ లేదు నాకు, అంటె ఫలానా రోజు ఫలానా బండి అని లెక్క లేదు, కాల్ బాయ్ సైకిలేసుకోని అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి బుక్కుల సంతకం పెట్టిచ్చుకునేటోడు, ఒక్కోసారి బల్లార్షాకు బండి తీస్కపోయి అక్కడ రన్నింగ్ రూంల పండుకోని తిరుగు బండి లేక స్పేర్‌ల వచ్చేటోన్ని. స్పేర్ అంటె డ్యూటీ మీదనే ఉంటం, కని బండి నడిపేది ఇంకోడు, మనం సంచి పట్టుకోని ప్యాసింజర్ లెక్క కూసునుడు. ఆ రోజులకు గూడ జీతం వచ్చింది, ఎవ్వడు నన్ను "ఎన్ని బండ్లు నడిపినవ్ రా" అని అడగలే. నేను నిన్ను అడిగిన.

రెండో గోల్‌కీపర్ పని ఇంత కష్టమని నాకు చానా లేటుగ సమజైంది. మిగతా జాగలల్లనైతె ఎవ్వలన్న అలిసిపోతె ఇంకోన్ని దించుతరు, గోల్‌ల మాత్రం ఉండేది ఒక్కడు, ఆనికి దెబ్బ తగలాలె లేకపోతె రెడ్ కార్డు పడాలె, అప్పటిదాక నీ నంబర్ రాదు. పైకెల్లి మనోళ్ళ ఖర్మకు ఎత్తు. ఇండియాకు ఆడిన కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆరున్నర అడుగులు ఉన్నడు, నువ్వు అయిదు పది కాడ ఆగిపోయినవ్, అది మీ అమ్మ తరఫుది, నాది కాదు.

పోయినేడు నువ్వు పంజాబ్ల ఉన్నప్పుడు నీ రూమ్మేట్ పిలగాడు ఇంటికి వచ్చి రెండు రోజులున్నడు సూడు, ఆడు చెప్పిండు నాకు, నువ్వయితె ఎన్నడు చెప్పలే. ఏదో మ్యాచ్‌కు ముందు రెండు రాత్రులు ల్యాప్‌టాప్ల కూసోని అవతలోళ్ళు పెనాల్టీలు ఎటు కొడుతరో అన్ని చూసి, మెయిన్ కీపర్ నీళ్ళ సీసకు కాగితం అంటిచ్చి నంబర్ల వారీగ రాసినవట. 80వ నిమిషంల పెనాల్టీ వచ్చిందట, ఆడు సీస దిక్కు చూసి ఎడమకు దుంకిండట, ఆపిండట. టీవీల ఆన్నే చూపెట్టిన్రు. నేను గూడ ఆ మ్యాచ్ చూసిన, ఆన్నే మెచ్చుకున్న, మీ అమ్మతోని "కీపరంటె గట్లుండాలె" అని గూడ అన్న. ఇగ ఏం చెప్పాలె.

ఆ గోల్‌కీపర్ కట్టిమణి గురించి నువ్వే చెప్పినవ్ నాకు. 2015 ఐఎస్ఎల్, అంటె ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ల గోవా తరఫున ఆడుకుంట, 90వ నిమిషంల సొంత గోల్‌లకే బంతి పడేసుకున్నడు, చెన్నై గెల్చింది. మళ్ళ 2022ల గోవాల అదే ఫతోర్డా గ్రౌండ్ల మన హైదరాబాద్ తరఫున ఫైనల్, షూటౌట్ల కేరళోళ్ళవి మూడు పెనాల్టీలు ఆపిండు. మనం ఇద్దరం హాల్ల నిలబడి చూసినం, పక్కింటోళ్ళు ఏమైందని వచ్చిన్రు. (ఆ టీమే ఇప్పుడు ఢిల్లీకి పోయింది, అది వేరే లొల్లి.) అందరు ఆ మూడు పెనాల్టీలు చెప్తరు, నాకు మాత్రం ఆ సొంత గోల్ అయిన తెల్లారి ఆడు ఇంట్ల ఏం తిన్నడు, ఆల్ల నాయిన ఏమన్నడు అనే ఆలోచన వస్తది. నా లెక్క అయితె అనలేదేమో.

షెడ్డుల మా పెద్దోళ్ళు అప్పటి ఇండియా టీం కోచ్ రహీం సాబ్ ముచ్చట్లు చెప్పేటోళ్ళు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌కు హైదరాబాద్ల పుట్టిన పీటర్ తంగరాజ్‌ను గోల్‌ల దించిండు, సౌత్ కొరియా మీద 2-1తోని గోల్డ్ మెడల్. అంతకుముందు సెమీస్‌ల ఆ జాగల నిలబడ్డది ప్రద్యుత్ బర్మన్. అప్పుడు విన్నప్పుడల్ల నేను తంగరాజ్ గురించే ఇంక చెప్పుమనేటోన్ని. ఇప్పుడు ఆ బర్మన్ ఫైనల్ రోజు యాడ కూసున్నడో అని మనసుల పడ్డది.

పైసల సంగతి గూడ సాఫ్‌గ మాట్లాడుకుందం. ఒక టీమోళ్ళు మూడు నెలల జీతం ఎగ్గొట్టిన్రు గద, ఈసారి కాంట్రాక్ట్ కాగితం నాకు ఫోటో పెట్టు, సీజన్ లేని నెలలకు ఏమిస్తరో అండ్ల రాసి ఉండాలె, దెబ్బ తగిలితె దవఖాన ఖర్చు ఎవ్వలదో గూడ. గ్లవ్స్ ఆళ్ళు ఇస్తరా నువ్వే కొనుక్కోవాల్నా అది గూడ అడుగు. అటకెక్కిచ్చిన నీ పాత గ్లవ్స్ దించిన, అరచేతుల కాడ రబ్బరు మొత్తం లేచిపోయింది, గోరువెచ్చటి నీళ్ళల్ల పిండి నీడకు ఆరేసిన, నువ్వు గట్లనే చేసేటోనివి కదా. మీ అమ్మ సకినాలు చేస్తనంటున్నది, మీ డైట్ చెప్పే మేడం తిననిస్తదో లేదో, పక్క రూమోళ్ళకన్న పెట్టు.

షిల్లాంగ్‌కు రైలు లేదట గద. రైలు పోని ఊరికి నన్ను తీస్కపోతవన్నట్టు. గువాహటి దాక ట్రైన్, అక్కడికెల్లి జీపు అని మీ అక్క చూసి చెప్పింది. నా రిటైర్మెంట్ పాస్ ఈ ఏడాదిది ఒకటి మిగిలే ఉన్నది. నువ్వు చేరుతనంటె ఏదన్న ఒక మ్యాచ్‌కు వస్త, నువ్వు ఆడేదని కాదు, బెంచ్ మీదున్నా సరే. టికెట్ మీద మ్యాచ్ టైమే ఉంటదట, వార్మప్ ఎన్నింటికి షురూ చేస్తరో అది రాసి పెట్టు, నేను గంతకు ముందే వచ్చి కూసోవాలె.

మీ బాపు