చిన్నా బండి గురించి మావయ్యకు

ఫోల్సమ్, కాలిఫోర్నియా
జూన్ 14

మావయ్యా,

మొన్న ఫోన్లో సగం మాటలు సిగ్నల్ మింగేసింది, మిగతా సగం అత్తయ్య వింటుందని నువ్వే గొంతు తగ్గించావు. అందుకే రాస్తున్నాను. భోజనమయ్యాక తీరిగ్గా చదువుకో.

చిన్నా ఆగస్టులో శాక్రమెంటో వచ్చి కాలేజీలో చేరగానే మట్టి దారుల్లో తోలే టూ స్ట్రోక్ డర్ట్ బైక్ కొంటానంటున్నాడు. నా బండి ఫొటోలు చూసి పుట్టిన కోరికే అది. వాడికి వద్దని చెప్పమని అత్తయ్య, మంచిది చూసి పెట్టమని వాడు, ఇద్దరూ నన్నే పట్టుకున్నారు. నువ్వొక్కడివే ‘అసలది ఎలాంటి బండి, ఎలా చూసుకోవాలి’ అని అడిగావు. వాడు అడగాల్సిన ప్రశ్న అది.

నీ ఆర్‌ఎక్స్ 100 లెక్కతోనే చెబుతాను. అది 98 సీసీ, 11 హార్స్ పవర్. నా యమహా వైజెడ్ 125 దానికన్నా పాతిక సీసీ పైన ఉంటుంది, అంతే. బరువు ఇంకా తక్కువ, పెట్రోలు నింపినా 95 కిలోలకు అటూ ఇటూ. పవర్ మాత్రం మూడు రెట్లు. లైటు లేదు, హారన్ లేదు, స్పీడోమీటర్ లేదు, సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్ కొట్టాల్సిందే. రోడ్డు మీద నడపకూడదు. తక్కువ ఆర్‌పీఎంలో ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఎగ్జాస్ట్ దారిని పెద్దది చేసే పవర్ వాల్వ్ తెరుచుకున్న క్షణాన చేతుల్లోంచి లాక్కుపోతుంది. అంత చిన్న ఇంజిన్ నుంచి అంత పిండితే ఆ భారం ఎక్కడో పడాలి కదా, పిస్టన్ మీద పడుతుంది. నీ ఆర్‌ఎక్స్‌కి ఏళ్ల తరబడి హెడ్ విప్పే పని రాలేదు. దీనికి కిలోమీటర్లూ కాదు, ఏళ్లూ కాదు, గంటల లెక్క. ప్లగ్ వైరు చుట్టూ ఒక తీగ చుట్టి, చిన్న అవర్ మీటర్ తగిలించుకుంటాం. గట్టిగా తోలే 125కి నలభై గంటల లోపే పిస్టన్, రింగులు మార్చేస్తారు. అడవి దారుల్లో నిదానంగా నడిచే 250 అయితే దానికి రెట్టింపు వస్తుంది.

ఆయిల్ సంగతికొస్తే, ఇక్కడే నీకూ నాకూ వాదన వస్తుంది. నీ ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ ట్యాంక్ వేరు, కలిపే పని పంపు చూసుకునేది. దీనికి తాతయ్య లూనా పద్ధతే, పెట్రోల్లో మనమే కలిపి పోయాలి. పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని బేరింగులకి, పిస్టన్‌కి అందేది ఆ కలిపిన ఆయిలే, కింద వాటికి ఆయిల్ నిలిచే వేరే సంప్ ఏమీ ఉండదు. గేర్‌బాక్స్‌కి మాత్రం విడిగా ముప్పావు లీటరు లోపు పడుతుంది, దాన్ని తరచూ మార్చాలి. మా యమహా మాన్యువల్ 30 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్ అంటుంది. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు, దానికి సుమారు 126 మిల్లీలీటర్లు. కేటీఎం పెద్ద బళ్లలో కొన్నింటికి 60కి 1 అని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. ఏ బండికి ఏది చెబితే అది, కొలత గ్లాసు పెట్టుకుని కలపాలి.

‘ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఒక మూత ఎక్కువే పొయ్యి’ అని నువ్వు లూనాకి చెప్పేవాడివి. చిన్నాకి ఆ మాట చెప్పకు. కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే చిన్న రంధ్రమే జెట్, దాని గుండా వెళ్లేది ఎంతో అంతే. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోలు తగ్గినట్టే కదా. అంటే మిక్చర్ లీన్ అవుతుంది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. చల్లబడటం మాట అటుంచి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. పొగ తగ్గాలనో, సైలెన్సర్ చివర నల్లగా కారే జిడ్డు పోవాలనో ఆయిల్ తగ్గించేవాళ్లు ఇంకో రకం. ఆ జిడ్డు చాలాసార్లు ఆయిల్ ఎక్కువై కాదు, జెట్ సైజు సరిగా లేకో, బండిని మరీ మెల్లగా ఈడ్చుకుంటూ తోలడం వల్లో వస్తుంది. జెట్ మార్చాలి గానీ ఆయిల్ మీద పడకూడదు.

జెట్ అంటే ఇక్కడ రోజూ ఉండే గొడవే. ఫోల్సమ్ దాదాపు సముద్ర మట్టంలో ఉంది. ఇక్కణ్ణుంచి గంట దూరంలో ఫారెస్ట్‌హిల్ అని, టాహో అడవుల వైపు బళ్లు తిప్పుకునే చోటు ఒకటుంది. అది వెయ్యి మీటర్ల ఎత్తు. నేల అచ్చం మన ద్వారకా తిరుమల దారిలో ఉండే ఎర్రమట్టే. ఎత్తులో గాలి పలచన, దానికితోడు ఎండాకాలం నలభై డిగ్రీలు, ఇక్కడ సెట్ చేసిన బండి అక్కడ రిచ్ అయిపోయి, అంటే పెట్రోలు ఎక్కువై, ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించాలి. చలికాలంలో కింద తోలితే పెంచాలి. పెంచకపోతే ఆ తప్పు కనపడదు, బండి పైకి బాగానే పరిగెడుతుంది, లోపల పిస్టన్ కాలిపోతూ ఉంటుంది. ప్లగ్ విప్పి చూసే విద్య నీకు తెలిసిందే, కాఫీ రంగు మంచిది, తెల్లబడితే భయపడాలి. కేటీఎం వాళ్లు 2018 నుంచి కొన్ని మోడళ్లలో కార్బురేటర్ తీసేసి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టారు. వాటిలో కొన్నింటికి నీ ఆర్‌ఎక్స్ లాగే ఆయిల్ ట్యాంక్ వేరుగా ఉంటుంది, జెట్ మార్చే తలనొప్పి దేనికీ లేదు. వాటి ధర చూస్తే వేరే తలనొప్పి వస్తుంది.

తోలడంలో రెండు సంగతులు వాడికి నువ్వే చెప్పు, నీ మాటయితే వింటాడు. కిక్ కొట్టగానే రేజ్ చేయకూడదు, రేడియేటర్లు చేతికి వెచ్చగా తగిలేదాకా ఆగాలి. పిస్టన్ త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ నీళ్లున్న సిలిండర్ నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ తేడాలోనే పిస్టన్ సిలిండర్లో బిగుసుకుని పట్టేస్తుంది. రెండోది, పొడవాటి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి ఇంజిన్ బ్రేక్ మీద దిగకూడదు. పెట్రోలు వెళ్లకపోతే ఆయిల్ కూడా వెళ్లదు. మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి, లేదా క్లచ్ పట్టుకోవాలి.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర వాడు బద్ధకిస్తే ఇక మిగతావన్నీ దండగ. స్పాంజ్ ఫిల్టర్ ఇది, బంక లాంటి ఆయిల్ పట్టించి పెడతాం. దుమ్ములో తిరిగొచ్చిన ప్రతిసారీ తీసి, క్లీనర్లో పిసికి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ ఆయిల్ పట్టించి, అంచుకి గ్రీజు రాసి బిగించాలి. పెట్రోల్లో ముంచితే అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది. చేతులకు పట్టే ఆ బంక రెండ్రోజులు పోదు, మా ఆయన చెప్పినా వినకుండా ఒకసారి వంటింటి సింకులో కడిగాను, ఆ గొడవ ఇంకా ఉంది. రెండు ఫిల్టర్లు కొనుక్కుంటే సుఖం, ఒకటి ఆరేలోపు ఇంకోటి ఎక్కించుకోవచ్చు. ఎర్రమట్టి ఒక్క చిటికెడు లోపలికి పోయినా రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. చైన్, స్పోక్స్, చక్రాల బేరింగులు నువ్వు సైకిలు చూసుకున్నట్టు చూసుకోమను, చాలు.

మొన్న నా పిస్టన్ మార్చాను. నువ్వు పక్కనుంటే బావుండేదనిపించింది. కూలెంట్ తీసేసి, పైప్ విప్పి, హెడ్ నట్లు ఎదురెదురువి కొంచెం కొంచెం వదులు చేసి, సిలిండర్ పైకి లేపగానే మొట్టమొదట చేసే పని కింద తెరుచుకున్న ఇంజిన్ నోట్లో గుడ్డ కుక్కడం. లేకపోతే పిస్టన్ పిన్నుని పట్టి ఉంచే ఆ చిన్న సర్‌క్లిప్ ఎగిరి క్రాంక్‌లో పడిందంటే మొత్తం ఇంజిన్ చీల్చాల్సిందే. కొత్త పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు తిప్పి, రింగు కొసలు రింగు గాడిలో ఉండే చిన్న పిన్ను దగ్గర కలిసేలా వేళ్లతో నొక్కిపట్టి, సిలిండర్ దింపుతుంటే ఊపిరి బిగబట్టాను. సర్‌క్లిప్పులు పాతవి మళ్లీ వాడకూడదు. పిస్టన్ కిట్, గ్యాస్కెట్లు కలిపి రెండొందల డాలర్ల లోపే అయింది. షాపులో ఇస్తే లేబరే అంతకు మించి తీసుకునేవాళ్లు. ఫోర్ స్ట్రోక్ రేసు బండికి వాల్వులు, టైమింగ్ చైనూ చేరి ఖర్చు ఎక్కడికో పోతుంది. అందుకే కాలేజీ పిల్లాడికి టూ స్ట్రోక్ అనేది మరీ పిచ్చి కోరికేం కాదు.

ఒక్కటి మాత్రం మన తణుకు షెడ్డు పద్ధతి కాదు. ఆర్‌ఎక్స్ సిలిండర్ అరిగితే బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసేవాళ్లు. దీని లోపల నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది. గీత పడితే బోరు కొట్టడం కుదరదు, పూత వేసే కంపెనీకి పంపి మళ్లీ వేయించాలి. కాబట్టి పిస్టన్ టైముకి మార్చడమే చవక. దాన్ని సాగదీస్తూ పోతే ఒకరోజు పిస్టన్ కింది అంచు, అదే స్కర్ట్, విరిగి క్రాంక్ కేసులో పడుతుంది, అప్పుడు బండి అమ్మినా రాని డబ్బు పెట్టాలి.

కొనేటప్పుడు చూసేవి నేను చూస్తాను. బేరానికి వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి దాచిపెట్టాడన్నమాట, నేను వెనక్కొచ్చేస్తాను. చల్లటి ఇంజిన్ మీద కిక్ కొట్టాలి, కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి, ఫిల్టర్ తీసి లోపల గొట్టంలో వేలు పెడితే దుమ్ము తగలకూడదు. ఫ్రేమ్ మీద నంబరు, పింక్ స్లిప్ అనే యజమాని పత్రం మీద నంబరు ఒకటే ఉండాలి. దొంగ బళ్లు ఎక్కువ ఇక్కడ.

కాలిఫోర్నియాలో ఇంకో మెలిక స్టిక్కర్. ప్రభుత్వ స్థలాల్లో తిప్పాలంటే ఇక్కడి రవాణా శాఖ డీఎంవీలో రిజిస్టర్ చేసి స్టిక్కర్ అతికించాలి. 2002 దాకా వచ్చిన మోడళ్లకి గ్రీన్ స్టిక్కర్, ఆ తర్వాత రేసు బళ్లకి రెడ్. 2022 మోడల్ నుంచి రేసు బళ్లకి అదీ లేదు. అంటే మెరిసిపోతున్న కొత్త బండి కొంటే వాడు రేసు ట్రాక్‌లో తప్ప తిప్పలేడు. మా ఇంటి పక్కనే ఉన్న ప్రెయిరీ సిటీ పార్కులో కూడా ఊరికే తిప్పుకోవడం కుదరదు. కొత్త వైజెడ్ ఏడు వేల డాలర్ల పైమాటే. బాగా చూసుకున్న పాతది సగానికి వస్తుంది, దానికి స్టిక్కరూ ఉంటుంది. సైలెన్సర్ శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదు, నిప్పురవ్వలు బయటికి రాకుండా స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. ఎండాకాలం ఇక్కడి అడవి ఎలా అంటుకుంటుందో టీవీలో చూస్తూనే ఉన్నావు, ఆ రూల్ మీద నాకేం కోపం లేదు.

అత్తయ్య భయపడుతున్నది వేగం గురించి. నా టెన్షన్ అది కాదు. హెల్మెట్, బూట్లు, మోకాళ్ల గార్డులు నేనే కొనిపిస్తాను. కాలేజీ ఇన్సూరెన్స్ ఇలాంటి దెబ్బలకి వర్తిస్తుందో లేదో పాలసీ చదివి నాకు చెప్పాకే బండెక్కుతాడు, ఇక్కడ చెయ్యి విరిగితే అయ్యే బిల్లు చెబితే నువ్వు నమ్మవు. నా భయమల్లా వాడు ఆదివారం తోలి, మట్టితోనే మూల నిలబెట్టి, మళ్లీ ఆదివారం అలాగే తీస్తాడేమోనని. ట్రక్కు లేదు, గ్యారేజీ లేదు, అపార్ట్‌మెంట్ పిల్లాడు. బండి మా ఇంట్లో పెట్టుకోవచ్చు, మా ట్రక్కులో తీసుకెళతాం. ఫిల్టర్ మాత్రం నేను కడగను.

అందుకని ఒక పని చెయ్యి. జులైలో వాడికి సెలవులే కదా, నీ ఆర్‌ఎక్స్ హెడ్, సిలిండర్ వాడి చేత విప్పించి, కార్బన్ గీకించి, రింగులు మార్పించి, మళ్లీ వాడి చేతే బిగించి స్టార్ట్ చేయించు. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చో, స్పానర్ ముట్టుకోకు. మధ్యలో సినిమాకని లేచిపోతే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ బండి వెతకడం ఆపేస్తాను. నిలబడి పూర్తి చేస్తే పాత గ్రీన్ స్టిక్కర్ బండి ఒకటి నా కళ్లలో ఉంది, అడిగి పెడతాను.

అత్తయ్యకి మాత్రం ఆ బండికి లైటు లేదు, రోడ్డెక్కనివ్వరు అని రెండు ముక్కలే చెప్పు. 35 హార్స్ పవర్ సంగతి ఎత్తకు.

నీ మేనకోడలు